ఆరనీ, అప్పుడు తూద్దాం

కుర్చీలు చాలక నార కట్టల మీద సర్దుకు కూర్చున్నవారికి, తలుపు దగ్గర గొడుగులు దులుపుకుంటూ అక్కడే నిలబడిపోయినవారికి, ఈ వానలో ఇంత దూరం వచ్చిన ప్రతి ఒక్కరికీ నమస్కారం. ముందు వరుసలో ఉన్న రోజాకు, ఆమె పక్కనున్న భర్త గెరోల్ఫ్‌కు ఇంకోసారి నమస్కారం. రోజా, నీకు ఇక అక్క లేదు. గెరోల్ఫ్, నీతో సమానంగా పోట్లాడే వదిన నీకు లేదు. నాకు, పరీక్షల గదిలో ఎదురు బల్ల మీద మనిషి లేదు. మన అల్దా వర్‌హెల్స్ట్ పోయింది. ఈ మాట ఇంట్లో అద్దం ముందు చాలాసార్లు అనుకుని వచ్చాను. అయినా నోరు తిరగడం లేదు.

ఇవాళ శనివారం. మన లేయె నది ఒడ్డున శనివారం పొద్దున గుమ్మం కడగని ఇల్లు ఉంటుందా? వాన పడుతున్నా కడుగుతాం మనం. ఇందాక చర్చి నుంచి నడిచి వస్తూ చెవులు రిక్కించి విన్నాను. వీధి పొడుగునా ఒక్క గుమ్మం దగ్గరా బ్రష్షు చప్పుడు లేదు. అల్దాకు ఈ ఊరు చేసిన మర్యాద అదే అనుకున్నాను.

ఫాదర్ గారు ఆమె ఆత్మ గురించి చర్చిలో చక్కగా చెప్పారు. నేను ఆమె పని గురించి చెబుతాను, నాకు తెలిసింది అదే. నన్ను ఎరగనివాళ్ల కోసం: నా పేరు ఓడీల్. అవిసె నార పరీక్షల గదిలో అల్దాతో కలిసి నా ఉద్యోగమంతా గడిపాను. పక్క గదిలో కాఫీ కాగుతోంది, బన్నులూ జున్నూ సిద్ధంగా ఉన్నాయి, నాకూ వాసన వస్తోంది. త్వరగానే ముగిస్తాను. నా మాట నమ్మొద్దని గెరోల్ఫ్ పక్కవాళ్ల చెవిలో చెబుతున్నాడు, చూస్తూనే ఉన్నాను.

ఏం పని చేస్తావమ్మా అని ఎవరైనా అడిగితే అల్దా ఏమనేదో గుర్తుందా? "వస్తువుల్ని అరగదీస్తాను" అనేది. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు. చదువుకున్న పిల్లకు ఇదేం పని అని ఊళ్లో పెద్దవాళ్లు బుగ్గలు నొక్కుకునేవాళ్లు. కాని మిత్రులారా, ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తిరిగే ఉక్కు పళ్ళెం ఒకటి. దాని మీద బరువు పెట్టి నొక్కిన చిన్న ముక్క ఒకటి. ఆ ముక్క మన చేలో పండిన అవిసె నారను రెసిన్ అనే జిగురులో ముంచి గట్టిపరిచినది. పళ్ళెం తిరుగుతుంది, ముక్క ఒరుసుకుంటుంది. ఎంత రాపిడి, ఎంత అరుగుదల? ఆమె జీవితమంతా ఈ రెండు ప్రశ్నలే. చిన్న ప్రశ్నలనుకుంటున్నారా? మీ సైకిల్ నుంచి లాకు గేటు దాకా, కదిలేది ఏదైనా ఈ రెంటి దగ్గరే ఆగిపోతుంది.

కీచుమనే దాన్ని చూస్తే ఆమెకు ప్రాణం నిలిచేది కాదు. రొట్టెల కొట్టు తలుపు అరిస్తే, వరసలో వెనక పదిమంది ఉన్నా సరే, వంగి బందు దగ్గర చెవి పెట్టేది. రోజా పెళ్లి ఫోటోలు ఎవరింట్లోనైనా ఉంటే మళ్లీ తీసి చూడండి. చర్చి గుమ్మంలో తీసిన దాంట్లో పెళ్లికూతురు ఉంటుంది, పెళ్లికొడుకు ఉంటాడు, అత్తలు, మామలు, కుక్క కూడా ఉంటుంది. పెళ్లికూతురి అక్క మాత్రం ఉండదు. తలుపు చాటున రెండు బూట్లు కనిపిస్తాయి, అవి ఆమెవి. పెళ్లిలో ఇదేం పాడు బుద్ధి అని గెరోల్ఫ్ తల్లి కోప్పడింది. ఆ తలుపు ఇవాళ మనం అంతమందిమి వెళ్తే చప్పుడు చేసిందా? చేయలేదు.

ఆమె మా గదిలో అడుగుపెట్టిన కొత్తలో జరిగింది ఒకటి చెబుతాను. గోడ మీద ఒక నియమం రాసి ఉండేది. ప్రతి పరీక్ష మధ్యలోనూ ఉక్కు పళ్ళేన్ని శుభ్రం చేసే మందు పోసి తుడిచి తళతళలాడించాలి. మనం ఎంత శుభ్రమైన జనమో మీకు తెలుసు కదా. పళ్ళెంలో ముఖం కనిపించేలా తుడిచేవాళ్లం. ఫలితం చూస్తే మన నార ముక్కలు సబ్బులాగా అరిగిపోయేవి. మన నార రాపిడికి నిలవదు అని అందరూ తేల్చేశారు. అల్దా ఒకరోజు ఆ గుడ్డను నా చేతిలోంచి లాగేసుకుంది. "కాసేపు దాన్ని మురికిగా ఉండనివ్వండి, చచ్చిపోరు" అంది.

ఉండనిచ్చాం. మొదట్లో ముక్క గరగరమంటూ అరిగింది. అరిగిన పొడిలో కొంత కింద రాలింది. కొంత మాత్రం ఉక్కుకు అంటుకుని, గోధుమ రంగులో పలచటి పొర కట్టింది. పొర కట్టాక గరగర ఆగింది, అరుగుదల తగ్గింది. ముక్క తను పోగొట్టుకున్న దాని మీదే తను నడుస్తోంది. ఇన్నేళ్లూ మేము శుభ్రం పేరు చెప్పి ఆ పొరనే తుడిచేస్తూ వచ్చాం. ఇలాంటి పొరపాటు మన ఊళ్లో తప్ప ఇంకెక్కడ జరుగుతుంది చెప్పండి?

అప్పటి నుంచి ఆమెకు అది ఊతపదం అయింది. గదిలో ఎవరైనా కొత్తవాళ్లు చేరి మాతో పడకపోతే, ఇద్దరు పొరుగువాళ్లు కంచె కోసం కొట్టుకుంటే, ఒకటే మాట. "పొర పడనివ్వండి" అనేది. నేనూ ఆమే మొదటి ఏడాది ఎంత కొట్టుకున్నామో పొర పడ్డాక అంత బాగున్నాం.

ఇక ఈ హాలు సంగతి. సభ నార మిల్లులోనే జరగాలని రోజా పట్టుబట్టింది. ఎందుకో మీలో సగం మందికి తెలుసు. మిగతా సగం కోసం చెబుతాను.

ఈ కిటికీలోంచి చూస్తే లాకు కనిపిస్తుంది. పడవ ఎగువ నీళ్లలోకి ఎక్కాలన్నా దిగువకు దిగాలన్నా ఆ గేటు తెరవాలి. అంత పెద్ద గేటు, నీళ్ల అడుగున ఒక ఉక్కు కడ్డీ మీద తిరుగుతుంది. కడ్డీకీ గేటుకూ మధ్య బుష్ అని గొట్టం లాంటి తొడుగు ఒకటి ఉంటుంది. పాతకాలంలో అది ఇత్తడిది. గ్రీజు పెట్టకపోతే తిరగదు. గ్రీజు పెడితే నీళ్ల మీద తేలి చేపలు చస్తాయి. గ్రీజు పెట్టకూడదని జలమార్గాల శాఖవాళ్లు ఆపేశాక ఆ గేటు ఎలా ఏడ్చేదో మీకు జ్ఞాపకం లేదా? పంది పీక కోస్తున్నట్టు ఉండేది. లాకు కాపలా చూసే ఫిర్మిన్ చెవుల్లో దూది పెట్టుకుని తిరిగేవాడు.

అదే కాలంలో ఈ మిల్లు కష్టాల్లో ఉంది. పొడుగు నారను బట్టలవాళ్లు కొనుక్కుపోయేవాళ్లు. దువ్వగా మిగిలిన పొట్టి పీచును అడిగే నాథుడు లేడు. గోడౌన్ నిండా పీచే. అప్పుడు రైతుల సంఘానికి పెద్ద మన గెరోల్ఫ్. అతనికి ఒక ఆలోచన వచ్చింది: ఆ పీచుతో లాకు గేటుకు బుష్ చేయిద్దాం, ఒక లాకులో నిలబడితే దేశంలో లాకులన్నీ మనవే. మంచి ఆలోచన. ఇప్పటికీ అంటాను, మంచి ఆలోచన. పరీక్ష చేయాల్సింది ఎవరు? వదినగారు.

చేసింది. ముక్క తూచింది, పళ్ళెం మీద నడిపింది, మళ్లీ తూచింది. బరువు ఒక్క పిసరు తగ్గలేదు. ఇంకో ముక్క, అదే మాట. అరగని బుష్! గెరోల్ఫ్ ఆగుతాడా? ఆ ఏడు నార పండుగలో అల్దాను ముందు బండి మీద కూర్చోబెట్టి, తలమీద అవిసె పూల కిరీటం పెట్టి ఊరంతా తిప్పాడు. పేపర్లో వేశారు. ఆమె సిగ్గుతో బండి మీద బిగుసుకుని కూర్చుంది గాని, లోపల ఎంత మురిసిపోయిందో ఎదురు బల్లవాణ్ణి నాకు తెలుసు. జలమార్గాలవాళ్లు వచ్చి సంతకాలు పెట్టడానికి ముహూర్తం కూడా కుదిరింది. ఇదే హాల్లో. బీరు పీపాలు కూడా తెచ్చి పెట్టారు.

అన్నీ కుదిరాక ఆమె కళ్లు పళ్ళెం కింద రేకు మీద పడ్డాయి. రేకులో గోధుమ రంగు పొడి ఉంది. బరువు తగ్గలేదు కదా, మరి ఈ పొడి ఎక్కడిది?

ఆమె నన్ను అడగలేదు, ఎవర్నీ అడగలేదు. అల్మారాలో ఒక ముక్క ఊరికే పడి ఉంది. పళ్ళెం మొహం చూడనిది, ఏ పనీ చేయనిది. దాన్ని తీసి తూచింది. చేసిన రోజు కంటే అది బరువెక్కింది. బయట వారం రోజులుగా వాన. కిటికీ సగం తెరిచే ఉంది.

ఇక్కడున్న రైతుల్లో తడి కట్టను పొడి కట్ట లెక్కన కొనేవాడు ఒక్కడున్నాడా? బొటనవేలు గుచ్చి చూడకుండా ఒక్క కట్టనైనా బండి ఎక్కనిస్తారా? అవిసె గాలిలో తేమ తాగుతుందని పుట్టినప్పటి నుంచీ తెలిసిన జనం మనం. తెలిసి కూడా, రెసిన్‌లో మునిగాక నారకు దాహం పోతుందని అనుకున్నాం. అల్దా అనుకుంది, నేను అనుకున్నాను, గెరోల్ఫ్ అనుకున్నాడు. ముక్క ఒక పక్క అరుగుతూనే ఉంది, ఇంకో పక్క తేమ తాగుతూనే ఉంది. పోయిన బరువును వచ్చిన బరువు కప్పేసింది.

సంతకాల రోజున హాలు ఇలాగే నిండిపోయి ఉంది. అల్దా పరీక్షల గది నుంచి గాజు పెట్టె త్రాసును ఒడిలో పెట్టుకుని తెచ్చింది. రెండు ముక్కలూ అందరి ముందూ తూచింది. నడిచిన ముక్క, ఊరికే ఉన్న ముక్క. తర్వాత ఆ కిటికీకి వీపు ఆనించి చెప్పింది. "అరగలేదని చెప్పాను. తప్పు. అరిగింది. వాన తాగి బరువు దాచుకుంది. నాకు ఇంకా సమయం కావాలి, ఇవాళ సంతకాలు పెట్టకండి" అంది. అంతే. పూల కిరీటం పెట్టిన చేతులన్నీ హాల్లోనే ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. జలమార్గాలవాళ్లు టోపీలు తీసుకుని వెళ్లిపోయారు.

గెరోల్ఫ్, నువ్వు ఆ రోజు అన్న మాట చెప్పనా? తల ఊపాడు, చెప్పమనే. "ఏమ్మా వదినా, ఒక్క వారం ఆగి చెబితే నీ నోరు అరిగిపోయేదా?" అన్నాడు. హాలంతా నవ్వింది, కాని అది మంచి నవ్వు కాదు. అల్దా తొణకలేదు. "నా నోరు అరగదు గెరోల్ఫ్. గేటు కింద బుష్ అరుగుతుంది. పడవ మధ్యలో ఉండగా గేటు ఇరుక్కుంటే అక్కడ ఫిర్మిన్ ఉంటాడు, నువ్వు ఉండవు" అంది.

అది ఆమె పని మాట. దాని వెల మాత్రం ఆమె ఇంటి దగ్గర చెల్లించింది. అల్దాకు పెళ్లి లేదు, పిల్లలు లేరు. ఆమెకున్నదల్లా ఆదివారం మధ్యాహ్నం రోజా ఇంట్లో భోజనం. బీరు పోసి ఉడికించిన మాంసం, చివర్లో అల్దా తెచ్చే అన్నం పాయసం నింపి కాల్చిన టార్టు. ఆ బల్ల దగ్గర ఆ రోజు నుంచి గెరోల్ఫ్ ఆమెతో మాట్లాడటం మానేశాడు. మాట్లాడలేదంటే, ఉప్పు కావాలన్నా రోజాతో చెప్పి అడిగించేవాడు. ఎదురుగా ఉప్పు ఉన్నది అల్దా చేతి దగ్గరే.

ఎవరైనా ఏం చేస్తారు? నేనైతే వెళ్లడం మానేసేవాణ్ణి. అల్దా మానలేదు. ఒక్క ఆదివారం కూడా. అదే టార్టు, అదే కుర్చీ, అదే సమయం. ఇంత అవమానం ఎందుకు పడతావని ఒకసారి ఉండబట్టలేక అడిగాను. నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "తగలకుండా దూరంగా పెడితే పొర ఎలా పడుతుంది ఓడీల్?" అంది. కళ్లలో నీళ్లు ఉన్నాయి. అవి నేను చూశానని ఆమెకు తెలుసు. ఇద్దరం మళ్లీ పనిలో పడ్డాం.

ఆ చలికాలంలో ఆమె ఒక బకెట్ తీసుకెళ్లి గెరోల్ఫ్ కొట్టం గుమ్మం పక్కన పెట్టింది. బకెట్‌లో నది నీళ్లు. నీళ్లలో మొదటి రకం బుష్, ఆ రోజు సంతకాలు పడబోయినది అదే, దాంట్లో దూర్చిన ఉక్కు కడ్డీ. కడ్డీకి పిడి. గెరోల్ఫ్ రోజుకు ఎన్నిసార్లు ఆ గుమ్మం దాటతాడు? చూసి చూడనట్టు దాటేవాడు. ఎవరూ లేనప్పుడు మాత్రం వంగి పిడి తిప్పేవాడు. ఇది రోజా వంటింటి కిటికీలోంచి చూసి నాకు చెప్పిన సంగతి, నేను కల్పించింది కాదు. మొదట్లో వదులుగా తిరిగేది. నార నీళ్లు తాగింది, ఉబ్బింది. రానురానూ బిగుసుకుంది. చివరికి మన గెరోల్ఫ్, నార కట్టను ఒంటిచేత్తో బండిలోకి విసిరే గెరోల్ఫ్, రెండు చేతులా పట్టుకున్నా అది కదల్లేదు.

ఆ ఆదివారం మాంసం వడ్డిస్తుండగా అతను పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు. "ఆ బకెట్‌లోది తిరగట్లేదు."

రోజా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయిందట. అల్దా ఏమందో తెలుసా? అది ఇరుక్కుంటుందని ముందే చెప్పానుగా అనలేదు. ఇప్పటికైనా తెలిసిందా అనలేదు. "తెలుసు. రేపు గదికి రా, తిరిగేది చేద్దాం" అంది. ఉప్పు అతని వైపు జరిపింది.

మరునాడు వచ్చాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నాడు. కొత్త బుష్ ఎలా దొరికిందో క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అది ఆమెకు ఇష్టమైన కథ. ఒక శనివారం రోజా గుమ్మం తోముతుంటే అల్దా పక్కన నిలబడి, గుమ్మం తొక్కేసి తిట్లు తింటూ, బ్రష్షును చూసింది. బ్రష్షు పీచు నిలబడి ఉంటుంది. కొసలతో రుద్దుతుంది, అందుకే ఏళ్ల తరబడి మన్నుతుంది. అదే పీచును పడుకోబెట్టి రుద్దితే పోగులు పోగులుగా లేచిపోతుంది. మేము అంతవరకూ బుష్‌లో పీచును పడుకోబెడుతున్నాం. చెల్లెలి చేతిలోంచి బ్రష్షు లాక్కుని, సబ్బునీళ్లు కారుతుండగానే గదికి పట్టుకొచ్చింది. రోజా ఆ పూట సగం కడిగిన గుమ్మంతో ఊళ్లో తలెత్తుకోలేకపోయింది.

పీచు కొసలు కడ్డీ వైపు ఉండేలా నిలబెట్టాం. బుష్‌ను ముందే నదిలో నానబెట్టి, ఉబ్బాల్సినంతా ఉబ్బాక అప్పుడు కడ్డీకి సరిపడా తొలిచాం. గెరోల్ఫ్ మిల్లు పీచును చేత్తో దువ్వి తెచ్చేవాడు. ప్రతి ముక్కనూ పరీక్ష తర్వాత సన్నని వేడి పొయ్యిలో పెట్టి, బరువు దిగడం ఆగేదాకా ఆరబెట్టి, అప్పుడు మాత్రమే తూచేవాళ్లం. రెసిన్‌లో ఇరుక్కున్న తేమ త్వరగా వదలదు. ఒక్కో ముక్కకు వారాలు పట్టేది. గెరోల్ఫ్‌కు ఓపిక తక్కువ. ఇప్పుడు తూస్తే ఏమవుతుంది అని అడిగినప్పుడల్లా అల్దాది ఒకటే మాట. "ఆరనీ, అప్పుడు తూద్దాం." ఆ మాట వినీ వినీ మేము వాన వచ్చిన రోజు గొడుగు మడిచేటప్పుడు కూడా అదే అనుకునేవాళ్లం.

జలమార్గాలవాళ్లు రెండోసారి అంత సులువుగా రాలేదు. వాళ్ల దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లిందో, ఎన్ని బల్లల ముందు నిలబడిందో ఆమె చెప్పలేదు. చివరికి ఒప్పుకున్నారు. ఒక్క లాకు, మనదే. గేటు ఎత్తి బుష్ వేసిన రోజున అల్దా లోపలికి దిగి, మోకాళ్ల లోతు బురదలో నిలబడి కడ్డీ మీద చేయి వేసింది. నీళ్లు వదిలాక ఫిర్మిన్ గేటు తిప్పాడు. తిప్పి, చెవుల్లో దూది తీశాడు. తీసి, దూది పెట్టుకున్నందుకు వినపడలేదేమోనని మళ్లీ తిప్పి చూశాడు.

ఇక చివరి సంగతి, మిత్రులారా. ఇది చెప్పడానికే ఇంతసేపు మిమ్మల్ని కూర్చోబెట్టాను.

ఈ వసంతంలో లాకు ఎండగట్టి మరమ్మతు చేశారు. ఇన్నేళ్లు పనిచేసిన ఆ బుష్‌ను పరీక్ష కోసం బయటికి తీసి, అదే రకం కొత్తది వేశారు. అప్పటికే అల్దా ఆస్పత్రిలో ఉంది. ఆమె ఒక్కటే అడిగేది. ఎంత అరిగింది? ఆ ఒక్క లెక్క కోసం ఆమె ఊళ్లో పేరు పోగొట్టుకుంది, చెల్లెలి ఇంట్లో ఉప్పు కోసమైనా పలకరింపుకు నోచుకోని మనిషి అయింది. ఎంత అరిగిందో ఆమెకు తెలియాలి.

డాక్టర్లు ఎన్ని రోజులు చెప్పారో మాకు తెలుసు. బుష్ ఆరడానికి ఎంత పడుతుందో కూడా తెలుసు. ఆ రెండు లెక్కలూ కలవవు. గెరోల్ఫ్ ఏం చేశాడో తెలుసా? నీళ్లు ఓడుతున్న బుష్‌ను తువ్వాలులో చుట్టుకుని, త్రాసుతో సహా ఆస్పత్రికి పట్టుకుపోయాడు. నర్సు అరుస్తున్నా వినకుండా మంచం పక్క బల్ల మీద పెట్టాడు. "ఇప్పుడే తూస్తాను వదినా. అరగనే లేదని వస్తుంది. ఆ మాట చెవినేసుకుని హాయిగా ఉండు" అన్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను. ఒకప్పుడు నిజం చెప్పినందుకు ఎవరితో మాట్లాడటం మానేశాడో, ఆమెకు ఇవ్వడానికి అతని దగ్గర ఒక్క మంచి అబద్ధం ఉంది. అదే తెచ్చుకున్నాడు.

అల్దా ఆ బుష్ మీద చేయి వేసింది. వేలితో లోపలి వైపు నిమిరింది. నవ్వింది. "ఆ అబద్ధం నేనే ఒకసారి చెప్పాను గెరోల్ఫ్. ఎలా ఉంటుందో తెలుసు. పొయ్యిలో పెట్టు, ఆరనీ" అంది. ఇంకో మాట కూడా అంది. "నేను లేకపోయినా త్రాసు ఉంటుందిగా."

పెట్టాం. బుష్ ఆరుతూనే ఉంది. అల్దా ఆగలేకపోయింది. గురువారం మధ్యాహ్నం, రోజా పక్కనే ఉండగా, వెళ్లిపోయింది.

నిన్నటికి పొయ్యిలో బుష్ బరువు దిగడం ఆగింది. ఇవాళ పొద్దున, చర్చికి వెళ్లే ముందు, గెరోల్ఫ్, నేను పరీక్షల గదికి వెళ్లాం. నల్ల కోట్లు వేసుకునే వెళ్లాం. బుష్ తీశాం. తూచింది గెరోల్ఫ్. అతనే, ఖాళీ కుర్చీ వైపు తిరిగి, గట్టిగా చెప్పాడు. "అరిగింది వదినా. కొంచెం అరిగింది."

అవును మిత్రులారా. అరిగింది. చిటికెన వేలి గోరు కత్తిరిస్తే రాలేటంత. అన్ని ఏళ్లు, అన్ని పడవలు, అంత గేటు మోసి, అంతే. కాని అరిగింది. అరగలేదని ఇవాళ ఇక్కడ నేను చెప్పి ఉంటే అల్దా శవపెట్టెలోంచి లేచి వచ్చేది.

ఆ అరిగిన గోరంత ఎక్కడికి పోయిందో మీకు చెప్పాలి. కొంత నదిలో కలిసింది. కొంత మాత్రం నీళ్ల అడుగున ఆ ఉక్కు కడ్డీ మీద గోధుమ రంగు పొరై ఉండిపోయింది. మరమ్మతుకు వచ్చినవాళ్లు అలవాటు కొద్దీ కడ్డీని తళతళలాడేలా తోమబోయారు. ఫిర్మిన్ అడ్డం నిలబడ్డాడు. దాన్ని తుడిచినవాడి చేయి విరగ్గొడతానన్నాడట. మన ఊళ్లో శుభ్రానికి అడ్డుపడిన మొదటి మనిషి అతనే అయి ఉంటాడు. పొర అలాగే ఉంది. గెరోల్ఫ్ దువ్విన పీచుతో చేసిన కొత్త బుష్, అల్దా చేసిన పాత బుష్ వదిలి వెళ్లిన ఆ పొర మీదే తిరుగుతోంది.

ఫిర్మిన్ ఈ సభలో లేడని మీలో కొందరు గమనించే ఉంటారు. అతను రాలేక కాదు. అదుగో, లాకు దగ్గర నిలబడ్డాడు, టోపీ చేతిలో ఉంది. కింద ఒక పడవ ఆగి ఉంది. రోజా కిటికీ దగ్గర రుమాలు ఎత్తగానే అతను గేటు తెరుస్తాడు. ఒకప్పుడు ఆ గేటు తెరిస్తే ఈ హాల్లో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ఇవాళ మనం అందరం లేచి నిలబడదాం. గేటు పూర్తిగా తెరుచుకునేంతసేపు, పడవ దాటేంతసేపు, ఎవరూ మాట్లాడకుండా, దగ్గకుండా, చెవులు ఒగ్గి విందాం. ఏమీ వినపడదు. అది వినడానికే నిలబడదాం.

దయచేసి అందరూ లేవండి. గెరోల్ఫ్, నా చేయి పట్టుకో. రోజా, రుమాలు ఎత్తమ్మా.